రెండో జోను ధీమా

మా ఇంటికి డ్రాయింగులు గీసిన కుర్ర ఇంజినీరుకి భూమి మీద బొత్తిగా నమ్మకం లేదు. పిల్లర్లలో నిలువు ఊచల చుట్టూ కట్టే ఇనుప రింగుల చివరలు 135 డిగ్రీలు లోపలికి వంచాలట. వంచాక కనీసం 65 మిల్లీమీటర్ల తోక వదలాలట. బీము కలిసే చోట రింగుకీ రింగుకీ మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు మించకూడదట. అడిగితే భూకంపానికి తట్టుకునేలా కట్టే పద్ధతి చెప్పే ఐఎస్ 13920 అని ఒక పుస్తకం చూపించాడు. ఇల్లు కట్టడానికి పంచాంగం కాకుండా వేరే పుస్తకం తెరిచినవాణ్ని విజయనగరంలో నేను మొదటిసారి చూశాను.

మేస్త్రీ ఆ డ్రాయింగు అటూ ఇటూ తిప్పాడు. "ఏటి బాబూ, అలాగ వంచితే రింగు దిగుద్దేటి? ముప్పై ఏళ్లనుండి కడతన్నాను, ఒక్కిల్లు పడిందేటి? భూకంపం ఇజీనగరం ఎందుకొస్తాదండీ?"

ఎందుకొస్తుంది, నిజమే. తుఫానుల సంగతి వేరు. హుద్‌హుద్ అనీ తిత్లీ అనీ ముందే పేరు పెట్టుకుని, టీవీలో చెప్పించుకుని మరీ వస్తాయి. పేరూ లేక, కబురూ పెట్టక వచ్చేదానికి ఇనుం ఖర్చు పెట్టడమేమిటి?

పైగా భూకంపాల మ్యాపులో మనది రెండో జోను. అంతకన్నా తక్కువ ప్రమాదమున్న జోను ఆ మ్యాపులో లేదు. ఇక్కడ 13920 తప్పనిసరి కూడా కాదు, ఇష్టముంటేనే. (తప్పనిసరి అన్న హెల్మెట్‌నే మోచేతికి తగిలించుకునే జాతి మనది.) కుర్రాడు ఊరుకోలేదు. ఒకప్పుడు ఒకటో జోను ఉండేదనీ, 1993లో మహారాష్ట్రలో కిల్లారి నేలమట్టమైనప్పుడు ఆ ఊరు అందులోనే ఉందనీ, 2002లో ఆ జోనునే మ్యాపులోంచి ఎత్తేశారనీ అన్నాడు. భూమి మ్యాపు చదువుకోకపోతే అది మ్యాపు తప్పా? 1917లో విజయనగరం వైపే భూమి అదిరిందని కూడా అన్నాడు. నూరేళ్లు దాటిన కేసు, కాలదోషం పట్టేసింది.

కింద పార్కింగుకి ఖాళీ వదిలి, పైన రెండంతస్తులు గోడలు కడుతున్నాం. దానికీ వంకే. 2001లో భుజ్ భూకంపానికి, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని అహ్మదాబాద్‌లో, ఇలా కింద ఖాళీ వదిలిన అపార్టుమెంట్లు మోకాళ్లు విరిగి కూలబడ్డాయట. అయితే కారు ఎక్కడ పెట్టమంటాడు? పిల్లరు 300 మిల్లీమీటర్లు ఉండాలట. తొమ్మిదంగుళాల గోడలోంచి అది బయటికి పొడుచుకొస్తే బీరువా ఎవరు జరుపుతారు? ఈశాన్యం పెరిగిందో లేదో చూడమంటే మాత్రం నోరు మెదపడు.

రింగుల దగ్గర మాత్రం మొండికేశాడు. ఇల్లు గట్టిగా ఊగితే పిల్లరు పైపొర పెచ్చులు రాలుతుందట. రింగు కొస 90 డిగ్రీలకే వంచితే ఆ కొక్కెం ఆ పైపొరలోనే ఉంటుంది కాబట్టి విప్పుకుంటుందట. ఆ తర్వాత నిలువు ఊచలు కట్టు ఊడిన చీపురు పుల్లల్లా విచ్చుకుంటాయట. అదే కొక్కెం లోపలి కాంక్రీటులో దూరితే పట్టు వదలదట. చీపురు దాకా వచ్చాక నేనే సర్దిచెప్పి పంపేశాను. రింగులు 90 డిగ్రీలకే ఒంగాయి. పని రెండు రోజులు ముందే తెమిలింది.

స్లాబు వేసిన రోజు మేస్త్రీ ముందు పిల్లరుకి దిష్టి గుమ్మడికాయ కట్టాడు. తాడు మూడు చుట్లు తిప్పి, కొసలు రెండూ లోపలికి దోపి, లాగి చూశాడు.

"కొస బయటికుంటే ఊడిపోద్ది బాబూ," అన్నాడు. "కింద మనుషులు తిరుగుతారు గదా."