సకుటుంబ సపరివార లైబ్రరీ సమేతంగా

మొన్న రాత్రి పదకొండింటికి ఒక అర్జీ వచ్చింది. పంపినాయన ఎవరో తెలియదు, మాట తీరు మాత్రం అచ్చం మా పెద్ద బావగారిదే. "ఈ లైబ్రరీ మీ రిపోలో లేదు. వెంటనే చేర్చండి. అర్జెంట్." లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకునే రెడీమేడ్ కోడ్ ముక్క. రిపో అంటే అలాంటివి ఉంచే గోదాము. ఇంతకీ ఈ లైబ్రరీ ఏం చేస్తుందంటే, ఇచ్చిన సంఖ్య సరిసంఖ్యా కాదా అని చెబుతుంది.

పిల్లలు పడుకున్నాక, పైసా జీతం లేకుండా, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు పంచే ఒక సాఫ్ట్‌వేర్ సేకరణకు ప్యాకేజీలు కట్టే మనిషిని నేను. మా ఇంట్లో దీనికి 'ఆ పని' అని పేరు. కాబట్టి అర్జీని గంభీరంగానే పరిశీలించాను. రెండుతో భాగించి శేషం చూసుకోవచ్చు కదా అని అడగడం పొగరవుతుంది. అందరూ రెండో తరగతి దాటి ఉండాలని రూలేమీ లేదు.

విప్పి చూస్తే, పాపం, ఆ లైబ్రరీకి కూడా భాగహారం రాదు. అది ఇంకో లైబ్రరీని పిలిచి "బాబూ, ఇది బేసిసంఖ్యా?" అని అడుగుతుంది. కాదంటే "అయితే సరి" అని ప్రకటిస్తుంది. బేసి లైబ్రరీ అంత తేలిగ్గా నోరు విప్పుతుందా? అసలు ఇది సంఖ్యేనా అని మూడోదాన్ని వాకబు చేస్తుంది. నేను కల్పించి చెప్పడం లేదు. ఈజ్-ఈవెన్, ఈజ్-ఆడ్, ఈజ్-నంబర్ అనే ఈ ముగ్గురూ జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష లోకంలో నిక్షేపంగా ఉన్నారు.

శుభలేఖ మీద 'సకుటుంబ సపరివార సమేతంగా' అని మనమూ వేయిస్తాం, ఎవరూ దాన్ని అక్షరాలా పట్టించుకోరన్న ధీమాతో. లైబ్రరీలు పట్టించుకుంటాయి. పెదనాన్నగారిని పిలుస్తాం. బస్సు వచ్చి ఆగుతుంది. ఆయన దిగుతారు, వెనక ఆయన తోడల్లుడు, తోడల్లుడి వియ్యంకుడు, వియ్యంకుడి ఇంట్లో అద్దెకుండే అబ్బాయి, చివరగా బస్సు కండక్టరు. అందరికీ విస్తరి వేయాల్సిందే. తోడల్లుడు ఒకటో వెర్షన్ సాంబారు తప్ప ముట్టడు, వియ్యంకుడికి రెండోదే కావాలి. జావాస్క్రిప్ట్ లైబ్రరీల గోదాము ఎన్‌పీఎమ్ వారి ఇంట్లో ఇది గొడవే కాదు, ఎవరి గది వారికి, ఎవరి వంటమనిషి వారికి. మాబోటి వాళ్లకు మాత్రం వీలైనంతవరకు ఒకే వంటశాల. పైగా గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి జేబులో లైసెన్స్ కాగితం ఉందో లేదో చూడాలి. పెదనాన్నగారిది ఎమ్ఐటీ లైసెన్స్. తోడల్లుడిది అపాచీ. కండక్టరు దగ్గర ఏ కాగితమూ లేదు, "అందరూ వాడుకుంటున్నారుగా సార్" అంటాడు. లైసెన్స్ రాయని కోడ్‌ను పంచే హక్కు మనకు లేదయ్యా అంటే, పెళ్లివారిని అవమానించానని గొడవ.

అలక సంగతి సరేసరి. 2016 మార్చిలో ఒక ప్యాకేజీ పేరు మీద తగాదా వచ్చి, ఒకాయన తన లైబ్రరీలన్నీ ఎన్‌పీఎమ్ నుంచి తీసేసుకున్నాడు. అందులో లెఫ్ట్-ప్యాడ్ ఒకటి. 11 లైన్లు. వాక్యం ఎడమ పక్కన ఖాళీలు నింపడం దాని జీవితధ్యేయం. అది లేచి వెళ్లేసరికి ప్రపంచమంతటా బిల్డులు, అంటే కోడ్‌ను ప్రోగ్రాముగా కట్టే పనులు, కూలాయి. రెండు గంటల్లో ఎన్‌పీఎమ్ వాళ్లే దాన్ని బతిమాలకుండానే తెచ్చి మళ్లీ పీట మీద కూర్చోబెట్టారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అర్జీ ఫారంలో చివరి గడి దగ్గర నాకు నవ్వు రావడం లేదు. 'దీన్ని ఎవరు చూసుకుంటారు?' అనేది ఆ గడి. మన బావగారు దాన్ని ఖాళీగా వదిలేశారు. అందరూ వదిలేస్తారు.

ఎక్స్‌జెడ్ అనే కుదింపు పనిముట్టుకూ ఆ గడిలో ఏళ్ల తరబడి ఒకే ఒక్క మనిషి. మానసికంగా బాగుండటం లేదు, ఇది జీతం లేని పని అని ఆయన 2022లో బహిరంగంగానే చెప్పుకున్నాడు. ఏమిటీ ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు అని ముక్కూ మొహం తెలియని వాళ్లు పీక్కుతిన్నారు. పక్కనే ఒక వినయవంతుడు, జియా టాన్ అట, రెండేళ్లు ఓపిగ్గా అంట్లు తోమి, తాళం చేతులు అందుకుని, 2024లో దొంగదారి పెట్టిన వెర్షన్ విడుదల చేశాడు. ఆ తర్వాత డెబియన్, ఫెడోరా అనే లైనక్స్ సేకరణలకు వచ్చిన విన్నపాలు ఏమిటో తెలుసా? కొత్త వెర్షన్ వెంటనే చేర్చండి! ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చింది కాబట్టి బయటపడ్డాం. ప్రపంచంలోని సర్వర్లన్నీ ఒక మనిషి నడుం మీద పెట్టి, నడుం నొప్పి అన్నందుకు ఆయన్ని తిట్టారు. సిగ్గుండాలి. ఆ పనిముట్టును ఉచితంగా వాడుకుని కోట్లు గడించిన కంపెనీల్లో ఒక్కటైనా "ఏమయ్యా, తిన్నావా?" అని అడిగి ఉంటే ఆ వినయవంతుడికి వంటింట్లో పనేముంది?

బావగారికి జవాబు రాశాను: ఆ గడిలో మీ పేరు రాయమంటారా? "నేను యూజర్‌ని మాత్రమే. మీకు అలవాటేగా, మీరే చూసుకోండి" అన్నారు. అర్జీ ఇంకా అలాగే ఉంది. నిన్నటికి దాని కింద నలుగురు 'నాకూ కావాలి' అని సంతకాలు పెట్టారు.