పదిహేను రోజుల కిందట మామ్మగారు ఎలా ఉన్నారు?

మొన్న రాత్రి డ్యూటీలో పదకొండు దాటాక, లంక గ్రామం నించి 78 ఏళ్ళ మామ్మగారిని ఆటోలో తీసుకొచ్చారు. "రెండ్రోజుల నించి లేవట్లేదండి, బాగా నీరసంగా ఉంది, ఓ సెలైను కట్టెయ్యండి" అన్నాడు మనవడు. జ్వరం లేదు. షుగరు పర్వాలేదు. బీపీ కాస్త తక్కువ, అంతే. కేసు షీటు మీద "వృద్ధాప్యం, నీరసం" అని రాసేసి మూల మంచం ఇచ్చేస్తే అడిగే నాథుడు లేడు. కోనసీమలో క్యాజువాల్టీ స్టాఫ్ నర్సుగా పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను. మొదట్లో నేనూ ఆ రెండు మాటలే రాసి తెల్లారేదాకా సెలైన్లు మార్చాను. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను.

ఆ అబ్బాయిని ఒక్క మాట అడిగాను. "పదిహేను రోజుల కిందట మామ్మగారు ఎలా ఉన్నారు నాన్నా?"

"బానే ఉందండి. ఒకటో తారీకు పింఛను నాలుగు వేలూ తనే లెక్కెట్టుకుని పెట్లో దాచుకుంది. పొద్దున్నే వాకిలి చిమ్మి ముగ్గెయ్యందే కాఫీ తాగదు."

నిన్నగాక మొన్న ముగ్గేసిన మనిషి ఇవాళ మంచం మీద కూర్చోలేకపోతోంది. ముసలితనం రెండ్రోజుల్లో అలా పడెయ్యదు. డ్యూటీ డాక్టరు గారికి అదే చెప్పాను, ఆయన మళ్ళీ వచ్చి చూశారు. పరీక్షలు చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షను, అప్పటికే రక్తంలోకి పాకింది. పెద్ద వయసులో ఇన్ఫెక్షనుకి జ్వరం రాకపోవచ్చు. గుండెపోటు వచ్చినా గుండె నొప్పి లేకుండా ఆయాసమో, కళ్ళు తిరిగి పడిపోవడమో, అంతే కనిపించొచ్చు. వాళ్ళ జబ్బు మానిటరు మీద కన్నా ముందు రోజువారీ పనుల్లో బయటపడుతుంది. ఆ పనుల సంగతి మనం అడగం.

ఒంట్లో సత్తువ ఉడిగిపోయి, చిన్న దెబ్బకే మనిషి కూలిపోయే స్థితిని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. దాన్ని కొలవడానికి కెనడాలోని డల్‌హౌసీ యూనివర్సిటీలో డాక్టర్ కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఒక స్కేలు ప్రచురించింది. అప్పుడు ఏడు మెట్లు, తర్వాత తొమ్మిది చేశారు. 65 దాటినవాళ్ళకి వాడతారు. దీనికి మిషను అక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు. ఇవాళ మంచం మీద ఎలా ఉన్నారన్నది వదిలేసి, జబ్బు పడకముందు, అంటే రెండు వారాల కిందట ఎలా ఉండేవారో చూడాలి. మా ఊరి భాషలో నేనిలా అడుగుతాను: డబ్బుల లెక్క తనే చూసుకుంటుందా? మాత్రలు వేళకి తనే వేసుకుంటుందా? బస్సెక్కి అమలాపురం వెళ్ళొస్తుందా? ఇలాంటివాటికి పక్కన మనిషి కావాలంటే అయిదో మెట్టు. గడప దాటాలన్నా, స్నానం చెయ్యాలన్నా సాయం కావాలంటే ఆరు. ఒంటి పనులన్నీ ఇంకొకరే చెయ్యాలంటే ఏడు.

సైకిలు మీద చేనుకెళ్ళి దాళ్వా నాట్లు చూసొచ్చే 84 ఏళ్ళ తాతగారు నాకు తెలుసు. పక్షవాతం వచ్చి, మంచం దిగాలంటే కోడలు పట్టుకోవాల్సిన 67 ఏళ్ళాయనా తెలుసు. కేసు షీటులో వయసు ఒక్కటే రాస్తే ఆ తాతగారికే ఎక్కువ భయపడతాం, ఈయన్ని తేలిగ్గా తీసుకుంటాం.

ఇంగ్లండ్‌లో 2019 నాటి ప్రభుత్వ వైద్య ప్రణాళికలోనే, సత్తువ ఉడిగిన పెద్దవాళ్ళకి ఆసుపత్రికొచ్చిన 30 నిమిషాల్లో ఈ అంచనా వెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నారు. మన దగ్గర ఒక గీత గీసి "రెండు వారాల ముందు స్థితి" అని షీటులో అచ్చు వెయ్యడానికి ఏం అడ్డం?

ఇక మా అమ్మ సంగతి. పోయినేడాది బాత్రూములో జారిపడింది. ఎముక విరగలేదు. నేను డ్యూటీలో ఉంటే తమ్ముడు ఒక ఆసుపత్రిలో చేర్చాడు. పేరెందుకు, ఎక్కడైనా అలాగే జరుగుతోంది. కళ్ళజోడు తీసి సంచిలో పడేశారు. నడిచి వెళ్ళగలిగే మనిషికి మూత్రం గొట్టం వేశారు. ఆ రాత్రి అమ్మ పొంతన లేకుండా మాట్లాడుతోందని నిద్ర ఇంజెక్షను ఇచ్చి, రెండు చేతులూ కట్టు గుడ్డతో మంచం కమ్మీకి కట్టేశారు. తెల్లారి నేను వెళ్ళేసరికి మణికట్టు మీద గాజుల పక్కన ఎర్రటి వాత. "గేదెని కట్టినట్టు కట్టారే" అంది నన్ను చూసి. నా ఉద్యోగంలో అంత మాట ఎప్పుడూ పడలేదు.

అమ్మకి వచ్చింది డెలీరియం, అంటే ఉన్నట్టుండి మతి తికమకపడటం. చాలామందికి తగ్గేదే. ఎవరైనా కళ్ళజోడు పెట్టి, పక్కన తెలిసిన మనిషిని కూర్చోబెట్టి, ఇదేం ఊరు, ఇది ఏ సంవత్సరం అని అడిగి ఉంటే మొదటి గంటలోనే తెలిసేది. తొమ్మిది రోజులు మంచం మీదే ఉంచారు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు పడుకోబెడితే కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. అమ్మకి ఎంత పోయిందో నేను కొలవలేదు. ఇంటికొచ్చాక గడప దాటలేకపోయింది.

ఇలా మెట్టు నంబరు వేస్తే ముసలివాళ్ళని వైద్యం లేకుండా పంపేస్తారేమో అని ఒక డాక్టరమ్మ నన్ను నిలదీశారు. న్యాయమైన భయమే. 2020 మార్చిలో కోవిడ్ అప్పుడు బ్రిటన్‌లో ఐసీయూ నిర్ణయాలకి ఈ స్కేలు వాడమంటే వికలాంగుల సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి, కొద్ది రోజుల్లోనే ఆ సూచన ఇచ్చిన సంస్థే దాన్ని మార్చుకుంది. తలుపు ముయ్యడానికి ఈ నంబరు వాడితే నేనే ముందు పోట్లాడతాను. ఎవరిని త్వరగా చూడాలి, ఎవరికి ఏ మందు తగ్గించాలి, ఎవరిని రెండో రోజే లేపి నడిపించాలి, వీటికి కావాలి. ఎనిమిదో మెట్టులో, అంటే చివరి దశకి దగ్గరపడ్డవాళ్ళని అర్ధరాత్రి కాకినాడ పెద్దాసుపత్రికి తోలే ముందు "మీకేం కావాలి" అని వాళ్ళనే అడగడానికీ కావాలి.

ఇంకో మాట. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు కువైట్‌లో ఉంటే, పెద్దవాళ్ళని మా దగ్గరికి తెచ్చేది పక్కింటివాళ్ళు, ఆటో అబ్బాయి. వాళ్ళకేం తెలుస్తుంది? ఒక కాగితం మీద ఎంత దూరం నడుస్తారు, ఏం పనులు చేసుకుంటారు, ఏ మాత్రలు వేసుకుంటారు, కళ్ళజోడు ఉందా, చెవి వినపడుతుందా అని రాసి ఆధార్ కార్డుతో పెట్టండి. నెలకోసారి దిద్దండి.

అమ్మ కాగితం నిన్న దిద్దాను. కిందటి నెల "కర్రతో వీధి గుమ్మం దాకా" అని ఉంది. ఇప్పుడు "కర్రతో హాలు దాకా" అని రాశాను.