రెప్ప వాలడం జబ్బా, షోకా?

కనురెప్ప వాలితే, దాన్ని సరిచేసే ఆపరేషన్ జబ్బుకో షోకుకో తేల్చేది డాక్టరని అమాయకులు అనుకుంటారు. తేల్చేది స్కేలు, అంటించే టేపు, ఆరోగ్య బీమా పాలసీలో మినహాయింపుల కోడ్ 08. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికో, ఆరోగ్యానికి తక్షణ ముప్పు తప్పించడానికో అయితే తప్ప రూపం మార్చే సర్జరీకి పైసా రాలదని అందులో రాసి ఉంటుంది. తక్షణమట! రెప్పేమో ఇరవై ఏళ్లుగా తీరిగ్గా వాలుతోంది.

జీఎస్టీ వారూ తక్కువ తినలేదు. వైద్యానికి పన్ను లేదు, అందానికి 18 శాతం. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో లోపం, గాయం సరిచేస్తే మాఫీ. ఆ జాబితాలో వయసు లేదు. ముసలితనం స్వయంకృతాపరాధం కాబోలు.

కాబట్టి తన రెప్ప నిజాయితీగానే వాలిందని రోగి రుజువు చేసుకోవాలి. కంట్లోకి టార్చి వేసి, నల్లగుడ్డు మీద మెరిసే చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా కొలుస్తారు. 4-5 మిల్లీమీటర్లుంటే మామూలే, ఇంటికెళ్లొచ్చు. 2కో ఇంకా కిందికో దిగిందా, కేసు గట్టిది. ఆపైన చూపు పరిధి పరీక్ష రెండుసార్లు: రెప్పను దాని మానాన వదిలేసి ఒకసారి, టేపుతో పైకి అంటించి ఇంకోసారి. టేపు వేశాక పైచూపు బాగా పెరిగితేనే జబ్బు. నుదుటి కండరం ఇన్నాళ్లూ ఆ రెప్పను మోస్తూ వచ్చింది గానీ, రుజువు కోసం ఫొటో తీసేటప్పుడు కనుబొమలు ఎత్తితే అది సాక్ష్యం తారుమారు చేయడమే.

ఇంకో తిరకాసుంది. వేలాడేది చర్మమా, రెప్పను లేపే లెవేటర్ కండరపు పట్టు సడలిందా అన్నది ముందే తేల్చాలి. పట్టు సడలినప్పుడు చర్మం ఎంత కోసినా రెప్ప లేవదు, బిల్లు మాత్రం లేస్తుంది.

షోకు పార్టీది వేరే గోల. 'డబ్బు కట్టాం, ఇంకాస్త చర్మం తీయండి' అంటారు. బట్టల కొట్లో బేరమనుకున్నారు. కనుబొమకూ రెప్ప వెంట్రుకలకూ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలి. అందుకే మనిషిని కూర్చోబెట్టి, కోసే చోట ముందే గీత గీస్తారు. పడుకోబెడితే కనుబొమ, చర్మం స్థానం మారి లెక్క తప్పుతుంది. అదనపు చర్మాన్ని పట్టకారులాంటి ఫోర్‌సెప్స్‌తో మడిచి పట్టినప్పుడు వెంట్రుకలు కాస్త పైకి తిరిగాయా, అక్కడితో ఆగాలి. అత్యాశకు పోతే నిద్రలోనూ కన్ను మూతపడదు, నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పై రెప్పలో కొవ్వు తిత్తులు రెండే. బయటి మూల మూడోది కనబడిందని సంబరపడి కోస్తే, పోయేది కన్నీటి గ్రంథి.

ఆపరేషన్ ఉంది కదా అని గుండెకు వాడే ఆస్పిరిన్ సొంతంగా ఆపకూడదు. రాసిచ్చిన డాక్టరునే అడగాలి. ఆపరేషనైన రాత్రి కన్ను ఉబికి, విపరీతంగా నొప్పెట్టి, చూపు మసకబారితే గుడ్డు వెనక రక్తం చేరిందేమో. తెల్లారేదాకా ఆగేపని కాదు, గంటల్లో చూపు పోవచ్చు.

ఇక ముహూర్తాలు. కుట్లు 5 నుంచి 7 రోజులకు తీస్తారు, కమిలిన రంగు రెండు వారాలుంటుంది. సోమవారం ఆపరేషన్, శనివారం కూతురి పెళ్లి పెట్టుకున్నవారు ఫొటోగ్రాఫరుతో ముందే ఒక మాట చెప్పి ఉంచుకోవడం మర్యాద.