ఊరి అంబులెన్సును విగ్రహంగా గుర్తించాలని మనవి

గ్రామ పెద్దలకు, దాతలకు, దాతలు కాబోయేవారికి చేసుకుంటున్న మనవి ఏమనగా: దేవరకొండ దిక్కు ఊళ్లలో పంచాయతీ ఆఫీసు పక్కన వేపచెట్టు కింద నిలబడిపోయిన అంబులెన్సులను ఇకమీదట బండ్లుగా లెక్కగట్టొద్దు, విగ్రహాలుగా గుర్తించాలి. ఎగతాళి కాదు. అన్ని లెక్కలూ వేసుకున్నాకే రాస్తున్నాం.

విగ్రహానికి ఏం కావాలి? ఒక ఆవిష్కరణ, ఏడాదికో పూలదండ, ఎప్పుడైనా ఓ డబ్బా పెయింటు. రాత్రి రెండు గంటలకు ఎవరికైనా నొప్పులొస్తే విగ్రహానికి ఎవరూ ఫోన్ చేయరు, ఎత్తలేదని తిట్టరు. మన అంబులెన్సు ఈ అర్హతలన్నీ ఎప్పుడో సంపాదించుకుంది. రిబ్బను కట్ చేసిన ముక్క ఇంకా అద్దానికి వేలాడుతూనే ఉంది. దాత ఫొటో తలుపు నిండా ఉంది. ఫోన్ నంబర్ మాత్రం వెనక బంపర్ పైన బెత్తెడు జాగాలో ఉంది, అదీ ఎండకు వెలిసి చివరి అంకె మూడో ఎనిమిదో తేలడం లేదు.

ఇందులో దాతల తప్పేమీ లేదు. సర్కారు నిధుల పద్ధతే అట్లుంది. ఎంపీకి ఏడాదికి వచ్చే 5 కోట్ల నియోజకవర్గ నిధుల్లోంచి అంబులెన్సు కొనొచ్చు. దాని డీజిల్‌కు, డ్రైవర్ జీతానికి మాత్రం అందులోంచి రూపాయి తీయడానికి లేదు. శాశ్వతంగా ఉండే ఆస్తులకే ఆ నిధులు. మామూలు దాతలూ ఇదే నియమం పాటిస్తారు, ఎవరూ చెప్పకుండానే. డీజిల్ మీద పేరు రాయించుకోలేం కదా! ట్యాంకులో పోశాక ఏ చుక్క ఎవరిదో ఎవరికెరుక?

కొండమల్లేపల్లి దాటి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయి రావాలంటే రమారమి రెండు వందల కిలోమీటర్లు. లీటరుకు పది ఇచ్చే బండికి 20 లీటర్లు. పేషెంటు పోయేది ఒకదిక్కే, డీజిల్ పోయేది రెండు దిక్కులా. ఈ సంగతి తెలిసినా ఊళ్లో తీర్మానం ఒక్కటే: "పేదోళ్లు, పైసలేం తీసుకోవద్దు, డీజిల్ పోయించుకుంటే చాలు." వినడానికి ధర్మంగా ఉంటుంది. బండిని చంపేది ఈ ధర్మమే. ప్రతి ట్రిప్పుకూ టైరు కొంత అరుగుతుంది, క్లచ్ ప్లేటు కొంత అరుగుతుంది, ఇన్సూరెన్సు గడువు ఒక రోజు తరుగుతుంది. డీజిల్ ఒక్కటే వసూలు చేస్తే రెండేళ్లు బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, మూడో ఏడు నాలుగు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు కట్టగట్టుకుని ఒకే నెలలో వచ్చి మీద పడతాయి. అప్పుడు కమిటీ సమావేశమవుతుంది. ఆ సమావేశంలో చాయ్ ఖర్చు దాత భరిస్తాడు.

ఇక ఆక్సిజన్. దీని గురించి కొంచెం తీరుబడిగా చెప్పాలి, ఎందుకంటే ఊరందరికీ సిలిండర్ కనిపిస్తుంది, లోపలున్నది కనిపించదు. బండిలో పెట్టే బీ టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. మాస్కు పెట్టి నిమిషానికి 10 లీటర్లు వదిలితే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. ఇంటి ముందు ఎక్కించుకున్న దగ్గర్నుంచి సాగర్ రోడ్డు ట్రాఫిక్ ఈది దవాఖాన గేటు చేరేదాకా పట్టేదీ ఇంచుమించు అంతే. అంటే దారిలో ఒక్క రైల్వే గేటు గానీ, ఒక్క పెళ్లి బరాత్ గానీ అడ్డం రాకూడదు. అదీ నిండు సిలిండర్ మాట. సిలిండర్ ఒత్తిడి చూపే గేజీలో ముల్లు 150 దగ్గరుంటే నిండు, 75 దగ్గరుంటే సగం. సగం సిలిండర్‌తో బయలుదేరిన బండి ఇబ్రహీంపట్నం చేరేసరికి వట్టి ఇనుము మోస్తుంటుంది. తెలిసినవాళ్లు ప్రయాణం ఎంతసేపో దానికి రెట్టింపు గ్యాసు పెట్టుకుని కదులుతారు. తెలియనివాళ్లు సిలిండర్‌ను వేలితో కొట్టి, శబ్దం విని, "ఫుల్లే ఉన్నదన్నా" అంటారు.

పోయినసారి వాడాక సిలిండర్ మెయిన్ వాల్వు మూయకుండా, మాస్కుకు పోయే గ్యాసును కొలిచి వదిలే ఫ్లోమీటర్ ఒక్కటే మూసి దిగిపోతే, రెగ్యులేటర్ వాషర్ అరిగి ఉన్నచోట రాత్రంతా సన్నగా కారి, తెల్లారేసరికి ముల్లు సున్నా మీద కూర్చుంటుంది. సబ్బు నురుగు రాస్తే బుడగలొచ్చిన చోటే లీకు. వాషర్ మారిస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చేం కాదు. అయితే మనవాళ్ల చేతివాటం వేరు. బిగుసుకున్న వాల్వుకు కాస్త గ్రీజు పూద్దామంటారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పురవ్వ లేకుండానే మండగలదు. అప్పుడు విగ్రహం కూడా మిగలదు. ఇక వాల్వు తిప్పే తాళంచెవి. దాన్ని గొలుసుతో సిలిండర్ మెడకే కట్టాలి. మన దగ్గర అది డ్రైవర్ ఇంట్లో దూలానికి కొట్టిన మేకుకు వేలాడుతుంటుంది, పోకుండా భద్రంగా.

బ్యాటరీ సంగతి. సైరన్, బ్లింకర్లు, లోపలి ఫ్యాను, సక్షన్ మిషను, పేషెంటు వెంట వచ్చిన ఆరుగురి సెల్‌ఫోన్లు, అన్నీ ఒక్క బ్యాటరీ మీదే. వాడకుండా నిలబెడితే అది తనంతట తానే దిగిపోతుంది. అందుకని వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబడ్డచోటే రొద పెట్టించడం ఆచారం. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన కరెంటు ఆ పది నిమిషాల్లో సరిగా తిరిగిరాదు. కనీసం అరగంట రోడ్డు మీద తిప్పితేనే ఛార్జింగ్ ఎక్కేది, బ్రేకులు తుప్పు వదిలేది, టైరు ఒకే పక్క కూర్చుని చదునవకుండా ఉండేది. డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన చోట బోరునీళ్లు పోస్తే ఆ లవణాలకు ప్లేట్లు పోతాయి. అయినా ఈ చర్చ దేనికి, దిగిన బ్యాటరీకి మన దగ్గర ఎప్పుడూ ఓ మందుంది: నలుగురు కుర్రాళ్లు తొయ్యడం. నొప్పులు పడుతున్న ఆడమనిషి లోపల ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉండగా, ఆమె మామ, మరుదులు బయట తోస్తుంటారు. ఇంటిల్లిపాదీ పాల్గొనే వైద్యం ఇదొక్కటే.

టైర్లయితే చూడముచ్చటగా ఉంటాయి. గీతలు ఒక్కటీ అరగలేదు, అరగడానికి బండి కదిలితే గదా! టైరు పక్కన చిన్న గుండ్రటి గీతలో నాలుగంకెలుంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని అర్థం. నల్గొండ ఎండలు 45 డిగ్రీలు తాకే చోట ఏడెనిమిదేళ్లు నిలబడ్డ రబ్బరుకు పక్కల సన్నని పగుళ్లొస్తాయి. అది ఊళ్లో పేలదు. నూరు దాటించి తోలినప్పుడు హైవే మీద పేలుతుంది.

డ్రైవర్ల లెక్క త్వరగా ముగిద్దాం. వారానికి 168 గంటలు. ఒక మనిషి చేత 48 గంటలు చేయించుకుంటే ముగ్గురున్నర మంది కావాలి, సెలవులు కలిపితే నలుగురు. మనకున్నది ఒక్కడు, వరికోతలప్పుడు అతనూ హార్వెస్టర్ మీద ఉంటాడు. వెనక పేషెంటు పక్కన కూర్చునేవాడి ప్రస్తావన ఇంతవరకు ఏ తీర్మానంలోనూ రాలేదు.

"108 ఉంది గదా, ఇదెందుకు?" అని అడిగేవారుంటారు. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సర్వీసు లేకపోతే ఈపాటికి ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యేవో. కానీ మన మండలం 108 బండి మరో కేసు మీద పోయి ఉంటే, పక్క మండలం నుంచి వచ్చేదాకా ఊరి బండే గతి. విగ్రహం గతి కాదు కాబట్టి, గుర్తింపు వచ్చాక జనం ముందే ఆటో మాట్లాడుకుంటారు. ఆశ పెట్టుకుని అరగంట పోగొట్టుకోవడం తప్పుతుంది. ఇదొక్కటి చాలు మా మనవిని ఆమోదించడానికి.

ఇంకో లాభం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అంబులెన్సుకు దారివ్వకపోతే పదివేల జరిమానా ఉంది. అయినా డీజే బండి జరగదు. అదే విగ్రహమైతే ఆ డీజే బండే చుట్టూ తిరిగి, దండం పెట్టి పోతుంది.

ఒకవేళ పెద్దలు మా మనవిని తోసిపుచ్చి, బండి బండిగానే ఉండాలని పట్టుబడితే కొన్ని షరతులున్నాయి. ఆర్సీ ఇంకా దాత పేరు మీదే ఉంది, ముందు అది మార్చాలి. బండి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, లేకపోతే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్సువాళ్లు మొదట అడిగే కాగితం అదే. ఆరు వందల గడపల ఊళ్లో గడపకు నెలకు యాభై చొప్పున తీస్తే ముప్పై వేలు. బెల్టుషాపు వేలంపాటలో ఇంతకన్నా పెద్ద అంకెలు గుక్క తిప్పుకోకుండా పలికిన ఊరే ఇది. ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరవాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ప్రతి శనివారం గేజీ ఎంత చూపిందో, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రిజిస్టర్‌లో రాయాలి, నెలాఖరున ఒకేసారి ఒకే పెన్నుతో కాదు.

పేరు రాసుకునే జాగా లేదన్న బాధకూ దారుంది. స్టెప్నీ కవరు మీద ఒక దాత పేరు, సిలిండర్ మీద ఒకరిది, బ్యాటరీ డబ్బా మీద ఇంకొకరిది రాయిద్దాం. స్టెప్నీకి దాత దొరికితే ఫ్లెక్సీ మేమే కట్టిస్తాం. కాకపోతే జాకీ, వీల్ స్పానర్ కూడా ఆయనే ఇవ్వాలి. ఉన్న రెండూ ఎవరో ట్రాక్టర్‌కని తీసుకుపోయారు.