బీరువాలో పడుకోనుండే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గారికి

మహారాజశ్రీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గారి సముఖానికి,

తమరు క్షేమమే కదా. క్షేమంగా కాక ఇంకెట్టుంటారు లెండి, మా ఆవిడ పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో, ఒక్క మూల కూడా నలగకుండా పడుకోనుండారు. నలిగింది నా మణికట్టు గదా, తమరిని నమ్ముకొని వియత్నాం పొయ్యి, హనోయ్‌లో బాడుగ బండి మీద ఉన్నప్పుడు.

నిన్న మధ్యాహ్నం అన్నం తిని ఇన్సూరెన్సు ఆఫీసుకు పోయినా, పని అయిపోతే అట్టే కపిలతీర్థం పొయ్యి దండం పెట్టుకొని వద్దామనుకున్నా, నేను బయటికి వచ్చే సరికి గుడి మూసే టైము అయింది. ఫ్యాను కింద కుర్చీ ఒకటే ఉండాది, దాంట్లో ఎవరో బ్యాగు పెట్టి పోయినారు, ఆ బ్యాగు మనిషి రానే రాలేదు. కౌంటర్లో అమ్మాయి మంచిదే, పాపం, హనోయ్ ఆసుపత్రి బిల్లు చూసింది, ఎక్స్‌రే చూసింది, పాస్‌పోర్టు మీద స్టాంపు చూసింది, అన్నింటికీ తల ఊపింది, కడాకు తమరిని చేతిలోకి తీసుకొని అట్ట మీద వేలు పెట్టి ఏదో చదివి, “సార్, ఇది 1949 ఒప్పందం పర్మిట్ సార్, వియత్నాం వాళ్ళు 1968ది మాత్రమే ఒప్పుకుంటారంట, చెల్లే లైసెన్సు లేకుండా బండి నడిపితే మన పాలసీలో రాదు సార్” అనింది. మన పాలసీ అంట. ప్రీమియం కట్టేటప్పుడు నాది, క్లెయిం వచ్చేటప్పటికి మనది.

ఆగి ఉన్నోడిని గదమ్మా, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టుకొని నిలబడి ఉన్నోడిని గదా, ఎనక నుంచి వచ్చి గుద్దినాడు గదా అంటే, ఆగి ఉన్నా బండి మీదే ఉన్నారు గదా సార్ అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు, తమరి దగ్గర ఉంటే చెప్పండి.

సరే, ఇంటికొచ్చి తమరి జాతకం తిరగేసినా. 1949లో జెనీవాలో చాలా దేశాలు కూర్చొని, మీ లైసెన్సు మేం ఒప్పుకుంటాం, మా లైసెన్సు మీరు ఒప్పుకోండి అని ఒక ఒప్పందం రాసుకున్నాయి, మనవాళ్ళు దాన్ని 1962లో ఖరారు చేసినారు, అది తమరి పుట్టుక. ఆ తర్వాత 1968లో వియన్నాలో ఇంకో ఒప్పందం రాసినారు, దాంట్లో మనం చేరలేదు. వియత్నాం 2014లో దాంట్లో చేరింది, ఆడ ఒప్పుకునేది ఆ ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్టునే. థాయిలాండ్‌లో మాత్రం తమరికి మర్యాద ఉండాదంట, నడుమ లావోస్ దాటి వియత్నాంలో కాలు పెడితే తమరు చిత్తు కాగితం. 1000 రూపాయలు కట్టి, ఏడాది గడువుతో, ఫోటో అతికించి, మోటారు సైకిల్ అన్న గడి పక్కన ఎర్రగా స్టాంపు గుద్దించుకొని వచ్చిన తమరు హనోయ్‌లో నిన్నటి దర్శనం టోకెన్ పట్టుకొని ఇయ్యాళ క్యూలో నిలబడినోడితో సమానం, తోసెయ్యరు, లోపలికి పంపరు, పక్కకు నిలబెడతారు.

ఇంకోటి అడగతా, ఏమనుకోవద్దు. అప్లికేషన్లో ఏ దేశం పోతాండావు అని ఒక గడి ఉండాది. నేను దాంట్లో ముత్యాల్లాంటి అక్షరాలతో వియత్నాం అని రాసినా. ఆ గడి ఎందుకు సామీ? ఊరికే తెలుసుకుందామనా? మా పక్కింటామె కూడా అడిగింది యాడికి పోతాండారని, ఆమె కనీసం జాగ్రత్తగా పొయ్యి రాండి అనింది. తమరు ఆ పేరు చూసినారు, స్టాంపు వేయించుకున్నారు, నోరు మెదపలేదు. 2022లో దేశమంతా తమరికి ఒకే రూపం ఇచ్చి, క్యూఆర్ కోడు కూడా పెట్టి, లైసెన్సుతో ముడి వేసినారు, చూసేదానికి ముచ్చటగానే ఉండారు. అట్ట మీద 1949 అని అచ్చేసినారు, నిజమే, అబద్ధం చెప్పను. ఆ ఏడు చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఏదో పాత కంపెనీ, నమ్మకమైనోళ్ళు, శ్రీ ఫలానా అండ్ సన్స్, స్థాపితం 1949 అనుకుంటారు. వియత్నాంలో చెల్లదని దాంట్లో రాసి ఉండాదని ఎవడికి తెలుస్తాది?

బండి బాడుగకిచ్చిన ఆయమ్మ మాటా చెప్పాల. లైసెన్సు ఉందా అని అడగలే. పాస్‌పోర్టు అడిగింది, తాకట్టు పెట్టుకుంటాదంట. అది ఇస్తే మళ్ళీ ఏం గొడవ వచ్చినా మన పిలక వాళ్ళ చేతిలో ఉంటాదని డబ్బులే డిపాజిట్ కట్టినాం. అప్పుడు తమరిని తీసి గర్వంగా చూపించినా నేను. ఆయమ్మ పేజీలు తిప్పి నా ఫోటో చూసి నవ్వింది. నా ఫోటోకు నవ్విందనుకున్నా.

ఇంక ట్రాఫిక్ సంగతి. నేను లీలామహల్ సర్కిల్లో బండి నేర్చుకున్నోడిని. ఒక పక్క బస్టాండు జనం, ఇంకో పక్క అలిపిరి జీపులు, నడి రోడ్డు మీద గుండ్లు గీయించుకున్న పదైదు మంది చేతులు పట్టుకొని వరసగా దాటతా ఉంటే, ఎదురుగా రాంగ్ రూట్లో ఆటో, దాని ఎనక ఆవు. ఈడ బతికినోడు యాడైనా బతుకుతాడని మా బామ్మర్ది ధైర్యం. హనోయ్ వేరే కథ. 10 కోట్ల జనం ఉండే దేశంలో 7 కోట్లకు పైగా మోటారు బండ్లు, అందరూ కుడి పక్క పోతారు, మనకు ఆ కుడి పక్కే గండం.

గందరగోళంలో ఏం కాదు, అది తెలుసుకున్నా. ముందర వంద బండ్లు ఉంటే వాళ్ళ ఎనకే పోతాం, ఎడమా కుడీ వాళ్ళే చూసుకుంటారు. ఆడ ముందరుండేవాడు ఎనక చూడడు, ఎనకుండేవాడే ముందరోడిని చూసుకోవాల, అందుకే సడన్‌గా బ్రేకు కొట్టకుండా, సడన్‌గా పక్కకు తిరక్కుండా, మెల్లగా ఒకే స్పీడులో పోతే నీళ్ళు విడిపోయినట్టు దారి ఇస్తారు. హారన్ కొడితే కోపం కాదు, నేనుండా అని చెప్పేది, అంతే. బస్సు వస్తే మాత్రం న్యాయం అన్యాయం మాట్లాడకుండా తప్పుకోవాల. భయపడాల్సింది ఖాళీ రోడ్డుకు. తెల్లార్తో లేచి పెట్రోలు బంకులో నుంచి బయటికి వస్తే, రోడ్డు మీద పురుగు లేదు, చెయ్యి దానంతట అదే ఎడమ పక్కకు లాగుతాది, ఇరవై ఏళ్ళ అలవాటు, ఎదురుగా లారీ వచ్చిందాకా తెలీదు. అందుకే బంకులో నుంచి బయటపడినప్పుడల్లా బామ్మర్ది ఎనక కూర్చొని “కుడి బావా, కుడి బావా” అని గోవింద నామాలు చెప్పినట్టు చెప్పేవాడు, నవ్వులాటకు కాదు, అది మేం పెట్టుకున్న రూలు. ఆ నామమే మమ్మల్ని కాపాడింది, తమరు బ్యాగులో నిద్రపోతా ఉన్నారు.

ఒక్క లాంగ్ బియన్ బ్రిడ్జి మీద మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఫ్రెంచోళ్ళు కట్టిన పాత ఇనప వంతెన, నడుమ రైలు, రెండు పక్కలా బండ్లు, ఆడ మాత్రం అందరూ ఎడమ పక్కే పోతారు. ఎర్ర నది మీద గాలి తగలతా ఉంటే మన కరకంబాడి రోడ్డులో పోయినట్టే ఉండింది, అటు పొయ్యి మళ్ళీ ఇటు వచ్చినాం, పని ఏం లేకపోయినా.

హెల్మెట్ గురించి తమరికి చెప్తే ఏం లాభం గానీ చెప్తా. ఆడ 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ పెట్టాల్సిందే, ముసలోళ్ళు, కాలేజీ పిల్లోళ్ళు, కూరగాయలమ్మే అవ్వ, అందరి నెత్తి మీదా ఉంటాది. మనకూ మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ ఉండాది, పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకొని తిరిగేదానికి, పోలీసాయన కనిపిస్తే అద్దం మీద నుంచి తీసి తగిలించుకునేదానికి. అయితే బాడుగ షాపుల్లో ఇచ్చేవి సగం టోపీలు, చెవుల దాకా కూడా రావు, నాకు ఇచ్చిన దాని గడ్డం కింద క్లిప్పు విరిగిపొయ్యుండాది, దారంతో కట్టుండారు. నేను తిరుపతి నుంచే నా సొంత ఐఎస్ఐ మార్కు ఫుల్ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకొని విమానం ఎక్కినా, చెన్నై ఎయిర్‌పోర్టులో బామ్మర్ది నాకు దూరంగా నడిచినాడు, సిగ్గంట. బీరు తాగి బండి తీస్తానన్నప్పుడు కూడా సిగ్గు పడుంటే బాగుండేది. ఆడ 2020 నుంచి నెత్తుర్లో ఒక్క చుక్క దొరికినా ఫైను, మన మాదిరి 100 మిల్లీలీటర్ల నెత్తురుకు 30 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదనే లెక్క లేదు. బండి తాళం చెవి జేబులో వేసుకొని ఇద్దరమూ హోటలుకు నడిచే పోయినాం.

ఇంత జాగ్రత్తగా ఉన్నోడిని నేను. రెడ్ లైట్ పడింది, పైన అంకెలు తగ్గతా ఉండాయి, గీత ఎనకాల ఆగినా, నా పక్కన ఒకామె, ఆమె పక్కన ఇంకొకాయన, అందరం ఆగినాం. ఎనకాల నుంచి ఒకాయన ఫ్రిజ్ కట్టుకొని వచ్చినాడు. స్కూటర్ మీద ఫ్రిజ్. చిన్నది కాదు, రెండు తలుపులది. బ్రేకు వేసినాడు పాపం, ఫ్రిజ్ ఆగలే. నేను పడినా, చెయ్యి కింద పెట్టినా, చెయ్యి పొయ్యింది, తలకాయ రోడ్డుకు టంగుమని తగిలింది, హెల్మెట్ మీద గీత పడింది, నా మీద పడలే.

ఆ ఫ్రిజ్ ఆయన ఉండాడే, దిగి పరిగెత్తుకొని వచ్చినాడు, తిట్టలే, పారిపోలే. ఫ్రిజ్ డబ్బాకు ఉండే అట్ట ఒక ముక్క చింపి, మడిచి, నా మణికట్టు కింద పెట్టి, ఫ్రిజ్‌కు కట్టిన ట్యూబు రబ్బరు పట్టీ ఒకటి ఊడదీసి చుట్టినాడు, గట్టిగా కాదు, వేళ్ళు ఆడతాండాయా అని నా వేళ్ళు ఒక్కొక్కటే తాకి చూసి. ఆసుపత్రిలో డాక్టరు దాన్ని విప్పేటప్పుడు బాగా కట్టినారే అన్నట్టు తల ఊపినాడు. ఆయన దగ్గర ఏ ఒప్పందం కాగితం ఉండాదో నేను అడగలే.

బిల్లు చూసి మాత్రం కండ్లు తిరిగినాయి, వాళ్ళ డబ్బు డాంగుల్లో అన్నీ కోట్లే, జీవితంలో మొదటిసారి కోటీశ్వరుడి మాదిరి బిల్లు కట్టినా. పోనీలే ఇన్సూరెన్సు ఉండాది గదా అనుకున్నా. తమరుండారు గదా అనుకున్నా.

ఇంక గారూ లేదు, తమరూ లేదు. ఒరే, నిన్ను తెచ్చుకునేదానికి నేను సెలవు పెట్టినా. నీ కోసం ఫోటోలు దిగినా. నువ్వు లేకుండా బండెక్కకూడదని బామ్మర్దితో కొట్లాడినా, వాడు గూడా నాతో పాటు 1000 రూపాయలు కట్టినాడు, ఇప్పుడు ఇంటికొచ్చినప్పుడల్లా “ఏం బావా, పర్మిట్ ఎట్టుండాది” అని అడగతాండాడు, వాళ్ళక్క ముందర. రూల్స్ పట్టించుకోనోడికి లైసెన్సు లేదని క్లెయిం రాదు, రూల్స్ పాటించిన నాకూ రాలే, ఇంక ఇద్దరికీ తేడా ఏముండాది? చెల్లనప్పుడు చెల్లనని చెప్పాల. వియత్నాం ఉత్తరాన ఉండే హా జియాంగ్ కొండల్లో పోలీసులు కాగితాలు అడగతారంట, మేం ఆ పక్కకు పోలేదు, పోయింటే ఆడే చెప్పుండేవాళ్ళు, చెయ్యి విరగకముందే తెలిసుండేది. ఆడికి పోవాలంటే లోకల్ మనిషిని పెట్టుకొని ఆయన బండి ఎనక కూర్చొని పోయేదే మంచిదని హోటలాయన చెప్తానే ఉన్నాడు.

మా పెద్ద బావ వచ్చే నెల థాయిలాండ్ పోతాండాడు, నీ మాదిరిదే ఒకటి తీసుకుంటాడంట. తీసుకోమన్నా. ఆడ నీ జాతి చెల్లుతాది, అయినా బయల్దేరేముందు పాలసీ కాగితం పట్టుకొని, ఈ దేశం, ఈ బండి, ఇన్ని సీసీలు, ఈ పర్మిట్టు, దెబ్బ తగిలితే ఇస్తారా ఇవ్వరా అని రాతలో అడిగి పొమ్మన్నా, ఫోన్లో చెప్తే వినొద్దన్నా.

నాకు ఇంకా ఒక దారి ఉండాది. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్‌కు రాస్తాండా, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆసుపత్రి బిల్లూ ఎక్స్‌రే కాపీలు తీయించినా, నాది తప్పు లేదని ఆ ఫ్రిజ్ ఆయన వాళ్ళ భాషలో రాసిచ్చిన చీటీ కూడా ఉండాది. రేపు పొద్దున్నే బీరువాలో నుంచి నిన్ను తీసి, ఆ వియత్నాం అని రాసిన అప్లికేషన్ కాపీతో కలిపి, అట్టతో సహా జిరాక్స్ కొట్టించి జత చేస్తా. ఆడికి పొయ్యి అయినా నోరు తెరు.

ఇట్లు,
నీ మోటారు సైకిల్ గడిలో స్టాంపు వేయించుకున్నోడు,
తిరుపతి.