నర్సుకు కౌన్సెలింగ్ సరే, డ్యూటీ చార్టు సంగతేంటి?

నర్సులు వరుసగా ఉద్యోగాలు మానేస్తున్నారని తెలియగానే చాలా ఆసుపత్రులు చేసే మొదటి పని ఒక కౌన్సెలర్‌ని పిలిపించడం. గంటసేపు మాట్లాడిస్తారు, శ్వాస వ్యాయామాలు నేర్పిస్తారు. అది అయ్యాక ఆ నర్సు వెళ్లేది అదే వార్డుకి, అదే డబుల్ డ్యూటీకి. సోషల్ వర్కర్లకూ, హెల్ప్‌లైన్లలో ఫోన్లెత్తేవాళ్లకూ, ఆఖరికి కౌన్సెలర్లకూ జరిగేది ఇదే. కౌన్సెలింగ్ వద్దని కాదు. అది చేయగలిగిన పని ఒకటి, దాని నెత్తిన పెడుతున్న పని ఇంకొకటి.

హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1974లో బర్నవుట్ గురించి, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసి డీలాపడిపోవడం గురించి, రాసినప్పుడు ఆయన చూసింది న్యూయార్క్‌లోని ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లను. వాళ్లలో తనూ ఒకడు. వాళ్లెవరూ పని తప్పించుకునే రకం కాదు, అందరికంటే ఎక్కువ మనసు పెట్టినవాళ్లు. తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మనసులో ఇక ఏమీ మిగల్లేదనిపించడం, ఎదుటి మనిషి మనిషిలా కాక ఒక కేసులా కనిపించడం, తను చేసే పనికి విలువే లేదనిపించడం అనే మూడింటినీ అది విడివిడిగా చూస్తుంది.

నా దృష్టిలో వీటిలో కష్టమైనది రెండోది. అలసిపోయానని ఎవరైనా చెప్పగలరు. 'పేషెంట్ ఏడుస్తుంటే నాకు చిరాకేసింది' అని చెప్పడానికి మాత్రం నోరు రాదు. జాలి, ఓర్పు ఉన్నాయనే కదా ఈ పనిలోకి వచ్చింది, అవే పోతే ఇక నేనెవరిని అనే సిగ్గు అడ్డుపడుతుంది. అందుకే కౌన్సెలింగ్‌లో ఈ మాట చిట్టచివర్న బయటికొస్తుంది, లేదా రాకుండానే సెషన్లు అయిపోతాయి. ఆ మొద్దుబారడం మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న అడ్డుగోడ అని చెప్పడం, అలాగని పేషెంట్‌కి జరుగుతున్న నష్టాన్ని తక్కువ చేయకపోవడం, ఈ రెండూ ఒకేసారి చేయగలిగినవాళ్లే ఇక్కడ మంచి కౌన్సెలర్లు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సాయం చేసే వృత్తిలో ఉన్నవాళ్లు సాయం అడగడంలో మహా మొండివాళ్లు. తమ గురించి అడిగితే తమ పేషెంట్ల గురించి చెబుతారు. 'నాకేం, నాకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు' అంటారు. మానసిక ఆరోగ్యం పదజాలమంతా కంఠతా వచ్చు కాబట్టి తమ బాధను కూడా ఒక కేస్ రిపోర్టులా అప్పజెప్పగలరు. కౌన్సెలర్ మొహంలో అలసట కనిపిస్తే మీరు భోంచేశారా అని అడిగేదీ వాళ్లే!

నోరు విప్పాక మొదట తేల్చాల్సింది ఆ అలసట ఏ రకమైందని. పని మోయలేనంత ఉండటం ఒకటి. రోజూ ఇతరుల ఘోరాలు విని విని కుంగిపోవడం ఇంకొకటి, దీన్ని 'కంపాషన్ ఫెటీగ్' అంటున్నారు. ఏం చేయాలో తెలిసి కూడా, మనుషులు చాలకో నిబంధనలు ఒప్పుకోకో, చేయలేకపోయిన బాధ మూడోది. దీనికి వాడుతున్న 'మోరల్ ఇంజ్యురీ' అనే మాట మొదట యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల విషయంలో వచ్చింది. ఈ మూడో బాధకు శ్వాస వ్యాయామం చెబితే అవతలివాళ్లకు ఒళ్లు మండుతుంది, న్యాయంగానే. ఇవన్నీ కాక అది డిప్రెషన్ కూడా కావచ్చు. సెలవు పెట్టినా తేరుకోలేకపోతున్నా, ఇంట్లో ఇష్టమైనవి కూడా రుచించకపోతున్నా, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నా వెంటనే సైకియాట్రిస్టు చూడాలి.

అసలు బర్నవుట్ జబ్బు కాదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే స్పష్టం చేసింది. అయినా చికిత్స మాత్రం ఉద్యోగికే చేస్తున్నారు. డాక్టర్ల బర్నవుట్ తగ్గించడానికి చేసిన ప్రయత్నాల ఫలితాలను 2017లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. డాక్టర్లకు విడిగా శిక్షణ ఇవ్వడం కంటే పనిచేసే తీరును మార్చినచోటే మేలు ఎక్కువ కనిపించింది. షిఫ్టులు, పనిభారం మార్చడం కౌన్సెలర్ చేతిలో లేదు.

గోప్యత సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. జీతమిచ్చే సంస్థే కౌన్సెలర్‌కీ డబ్బిస్తుంటే, చెప్పింది హెచ్ఆర్‌కి చేరదని ఉద్యోగి ఎందుకు నమ్మాలి? లోర్నా బ్రీన్ న్యూయార్క్‌లో ఎమర్జెన్సీ డాక్టర్. కోవిడ్ మొదటి వేవ్‌లో, 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. మానసిక సమస్య ఉందని తెలిస్తే లైసెన్స్ పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం అమెరికా 2022లో ఆమె పేరు మీద చట్టం తెచ్చింది. ఈ భయం పోనంతవరకూ ఉచిత సెషన్లు ఎన్ని పెట్టినా ఖాళీగానే ఉంటాయి.

మైకేల్ బాలింట్ 1950ల్లో లండన్‌లో ఫ్యామిలీ డాక్టర్లను గుంపుగా కూర్చోబెట్టి, తమను ఇబ్బంది పెట్టిన పేషెంట్ల గురించి మాట్లాడించేవాడు. ఇలాంటి బృందాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎవరో కుప్పకూలాక మొదలుపెట్టేది కాదు కాబట్టి అక్కడికి వెళ్లడంలో నామోషీ లేదు. కాకపోతే అది డ్యూటీ టైంలోనే జరగాలి. డ్యూటీ దిగాక ఇంకో గంట ఉండమంటే అది ఇంకో డ్యూటీ.

కౌన్సెలర్‌ని పెట్టుకున్న ప్రతి సంస్థా ఇంకో పని కూడా అప్పజెప్పాలి. పేర్లు, ఆనవాళ్లు లేకుండా, ఏ వార్డు నుంచి, ఏ షిఫ్ట్ నుంచి ఎక్కువమంది వస్తున్నారో, దేని గురించి వస్తున్నారో మూడు నెలలకోసారి రాసివ్వమనాలి. యాజమాన్యం దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ కాగితం తీసుకోవడానికి ఇష్టంలేని సంస్థలు కౌన్సెలర్‌కిచ్చే డబ్బుతో రాత్రి షిఫ్టుకి ఇంకో నర్సును పెట్టుకుంటే వార్డుకి అదే ఎక్కువ ఉపయోగం.