సవరణ: బెంగళూరు – శాన్‌ఫ్రాన్సిస్కో దూరం, ప్రయాణ సమయం

ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 16,000 కిలోమీటర్లని, ఆగకుండా వచ్చినా 30 గంటలకు పైగా పడుతుందని ఇంతకుముందు రాశాను. రెండూ తప్పే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పిల్లల దగ్గరికి బయలుదేరే పెద్దవారు ఇలాంటి లెక్కలు నమ్మి మందులు, భోజనం సర్దుకుంటారు కనుక, క్షమాపణతో సరిచేస్తున్నాను.

దూరాన్ని గోడపటం మీద పసిఫిక్ మీదుగా గీత గీసి లెక్కించాను. గ్లోబు మీద రెండు ఊళ్లకూ దారం బిగించి పట్టుకుంటే అది పసిఫిక్ నడిమధ్యకు పోదు. చైనా, తూర్పు సైబీరియా దాటి, ఆర్కిటిక్ అంచును తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దారం కొలత సుమారు 14,000 కిలోమీటర్లు. అయితే విమానం సరిగ్గా ఆ గీత మీదే పోవాలని లేదు, గాలులను బట్టి దారి మారుతుంది.

సమయం విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. 2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఈ దారిలో ఆగకుండా వచ్చిన ఎయిరిండియా తొలి విమానం, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. అక్కడి గడియారంలో బయలుదేరిన వేళకూ, మన గడియారంలో దిగిన వేళకూ మధ్య తేడానే ప్రయాణ సమయంగా తీసుకున్నాను. చలికాలంలో మన గడియారం అక్కడికంటే 13:30 గంటలు ముందుంటుంది; అది తీసివేస్తే గాలిలో గడిపింది 17 గంటలకు పైచిలుకు మాత్రమే. వేసవిలో అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి, అప్పుడు తీసివేయవలసింది 12:30 గంటలు.